గివ్ అప్‌కు నాలుగు అర్థాలు, అమ్మకు ఒక కుర్చీ

మా ఇంట్లో నేను ఒకే ఒక్కసారి గురువునయ్యాను. శిష్యురాలు మా అమ్మ. పాఠం పేరు గివ్ అప్. జీతం రెండు పూటలా అన్నం. అది పాఠాలు మొదలుకాకముందు కూడా అందుతూనే ఉండేది కాబట్టి ఆ ఉద్యోగం ఊడినా జీతానికి లోటు రాలేదు. ఊడినవి వేరే కొన్ని ఉన్నాయి.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. పాలిటెక్నిక్ రెండో ఏడాది మధ్యలో మానేసి, ఎవరైనా అడిగితే "ఆలోచించుకుంటున్నాను" అని చెబుతున్న కాలం. అంతకుముందు జిమ్ము మానేశాను. తబలా మానేశాను. ఒక ఎండాకాలం మాంసం మానేశాను, వానలు పడగానే ఆ మానేయడం కూడా మానేశాను. టాటీబంధ్ చౌరస్తాలో, లారీల హారన్ల మధ్య, ఒక టైర్ల దుకాణం పైన నడిచే నలభై అయిదు రోజుల స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు ఒక్కటే నేను మొదలుపెట్టి పూర్తి చేసిన చదువు. ముప్ఫై ఎనిమిదో రోజున ఆ సెంటరే మూతపడింది. అంటే నాకంటే ముందు అది మానేసింది. అందుకని పూర్తయినట్టే లెక్కేసుకున్నాను.

అమ్మ సంగతి వేరు. ఆమె పుట్టిందే ఛత్తీస్‌గఢ్‌లో, రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు పక్కనున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. విజయనగరం వైపు నుంచి వ్యాగన్లు బాగుచేసే పనికి వచ్చిన మా తాత కూతురు, అదే పనిలో ఉన్న మా నాన్న భార్య. నేను నాలుగో తరగతిలో ఉండగా నాన్న జబ్బు చేసి పోయాడు. ఆయన పోయిన ఏడాదికి రైల్వేవాళ్లు అమ్మకు ఉద్యోగమిచ్చారు. ఖలాసీ పని. షెడ్డు ఊడవడం, నట్లూ బోల్టులూ బకెట్లలో మోయడం, ఫిట్టర్ ఏదడిగితే అది అందించడం. పొద్దున ఎనిమిదింటి నుంచి సైరన్ మోగేదాకా నిలబడే ఉండాలి. షెడ్డులో కుర్చీలు తక్కువ, ఉన్నవాటికి మనుషులున్నారు. పదేళ్లు అలా నిలబడ్డాక ఆమె మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు చప్పుడు చేయడం మొదలుపెట్టాయి. "గ్రీజు పెట్టాల" అనేది, మోకాలి మీద తట్టుకుంటూ.

ఆ వేసవిలో వర్క్‌షాపు నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడింది. ఖలాసీల నుంచి గుమాస్తాలను తీసుకోవడానికి డిపార్ట్‌మెంటు పరీక్ష. అలాంటిది ఆరేళ్ల తర్వాత వచ్చింది, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అమ్మ ఆ సాయంత్రం ఫారం మడతపెట్టి జాకెట్లో దాచి తెచ్చింది. జీతం ఎంత పెరుగుతుందని అడగలేదు. హోదా అడగలేదు.

"ఆ పనికి కుర్చీ ఉంటాది కదరా?" అంది.

"కుర్చీ, బల్ల, ఫ్యాను. మూడూ ఉంటాయి."

"ఫ్యాను నేకపోయినా పర్లేదు. కుర్చీ పక్కాయేనా?"

పక్కా అన్నాను. ఫారం నేనే నింపుతానన్నాను. ఇంట్లో చదువుకున్నవాణ్ని ఉన్నాను కదా, సగమే అయినా.

ఆ ఫారంలో పదకొండో గడి ఇలా ఉంది: పరీక్ష రాసే భాష, హిందీ, ఇంగ్లీషు. మా అమ్మ పదో తరగతి దాకా హిందీ మీడియం. కుళాయి దగ్గర ఆమె హిందీలో పోట్లాడితే బిలాస్‌పూర్‌లో పుట్టినవాళ్లు కూడా మాటలు వెతుక్కునేవాళ్లు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, ఇంగ్లీషు పక్కన టిక్కు పెట్టాను.

ఎందుకు పెట్టానో అప్పుడే అడిగి ఉంటే గొప్ప కారణం చెప్పేవాణ్ని. గుమాస్తా అంటే ఇంగ్లీషు ఉండాలి, ఆఫీసులో విలువ ఉంటుంది, అదీ ఇదీ. అసలు కారణం ఇంకా చిన్నది. హిందీ అయితే నాతో పనిలేదు. ఇంగ్లీషు అయితే ఆమెకు మాస్టారు కావాలి. కాలనీ మొత్తంలో జీతం లేకుండా, పనిలేకుండా, ముప్ఫై ఎనిమిది రోజుల అనుభవంతో దొరికే మాస్టారు ఒక్కడే.

"పరీక్ష ఇంగ్లీషులోనా?" అని అడిగింది, సంతకం పెట్టబోతూ.

"ఇంగ్లీషులోనే," అన్నాను. అబద్ధం కాదు. టిక్కు పెట్టిన సిరా ఆరిపోయాక అది నిజమే.

అమ్మ కాగితం చదవలేదు. నేను వేలు పెట్టి చూపించిన చోట తెలుగులో సంతకం చేసింది. ఆమె హిందీ రాయగలదు గానీ సంతకం మాత్రం తెలుగే. తాత నేర్పింది అదొక్కటేనట.

పేపర్లో ముప్ఫై మార్కులకు ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు, వాటికి వ్యతిరేకాలు. నా దగ్గర మూతపడిన సెంటరు ఇచ్చిన జిరాక్స్ కాగితాలున్నాయి. మొదటి కాగితంలో మొదటి మాట గివ్ అప్. అక్కడే మొదలుపెట్టాను. ఐదు వారాలైనా అక్కణ్నుంచి పెద్దగా కదల్లేదు.

"గివ్ అంటే ఇవ్వడం. అప్ అంటే పైకి. పైకివ్వడమా?" అంది అమ్మ, వంకాయలు తరుగుతూ.

"కాదమ్మా. మానేయడం."

"ఇవ్వడమూ నేదు, పైకీ నేదు. మరి ఆ రెండు మాటల్నీ ఎందుకు పిలిసినట్టు?"

"ఇంగ్లీషు అంటే అంతే. లోతుంటుంది."

"నీకందిందా లోతు?"

వినపడనట్టు తర్వాతి వాక్యం చదివాను. ఆమె ఆపింది. "దీనికి ఉల్టా ఏటి? ఉల్టాలు కూడా అడుగుతారన్నావు కదా."

వ్యతిరేకాలున్న కాగితం ముప్ఫై తొమ్మిదో రోజున ఇస్తామన్నారు. గురువు తెలియదనకూడదు. "గివ్‌కు టేక్, అప్‌కు డౌన్. టేక్ డౌన్," అన్నాను. చెప్పేటప్పుడు నా గొంతు ఎంత నిబ్బరంగా ఉందో నాకే ముచ్చటేసింది.

అమ్మ లేచి వెళ్లి బీరువా తలుపు మీద సుద్దముక్కతో రాసింది. వర్క్‌షాపులో బాగుచేయాల్సిన వ్యాగన్ మీద సుద్దతో 'సిక్' అని రాస్తారు. బాగైతే దాన్ని కొట్టేసి 'ఫిట్' అని రాస్తారు. అమ్మ మా ఆకుపచ్చ బీరువాను అలాగే వాడింది. రాని మాట కింద సిక్. మూడుసార్లు చూడకుండా చెబితే ఫిట్. ఫిట్ ఎప్పుడివ్వాలో నేను చెబితే కుదరదంది. "పాఠం నీది, ఇన్‌స్పెక్షన్ నాది" అంది. గివ్ అప్, టేక్ డౌన్ మర్నాటికే ఫిట్ అయిపోయాయి.

నాలుగో రోజు ఆమె స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఒక పాత గైడు కొనుక్కొచ్చింది. అందులో గివ్ అప్‌కు ఒక పేజీ ఉంది. నాలుగు అర్థాలు, నాలుగింటికీ నాలుగు వేర్వేరు వ్యతిరేకాలు. టేక్ డౌన్ ఎక్కడా లేదు. అమ్మ గైడు నా ఒళ్లో పెట్టి, వెళ్లి బీరువా మీద ఫిట్ కొట్టేసి సిక్ రాసింది. ఆ సిక్ మాటకో, మాస్టారికో అడగలేదు.

"బోల్టు ఒకేపు తిప్పితే బిగుస్తాది, ఉల్టా తిప్పితే ఊడుతాది," అంది కాసేపయ్యాక. "ఇదేటిరా, నాలుగు పక్కలా తిరుగుతాది?"

"అర్థం మారితే ఉల్టా కూడా మారుతుందమ్మా."

"అంటే బోల్టు ఒకటే, పానాలు నాలుగు. అలా సెప్పు మరి."

అలా చెప్పాలని నాకు తట్టలేదు. ఆమె బీరువా మీద నాలుగు గళ్లు గీసింది. మొదటి గడి, అలవాటు మానడం. పక్కింటి మావయ్య ఏటా మానేసే ఖైనీ. దానికి ఉల్టా టేక్ అప్, అంటే మావయ్య మర్నాడు చేసే పని. రెండోది ప్రయత్నం మానుకోవడం, ఉల్టా క్యారీ ఆన్. మూడోది లొంగిపోవడం, ఉల్టా హోల్డ్ అవుట్. నాలుగోది ఉన్నదాన్ని వేరొకరికి వదిలేయడం, ఉదాహరణకు సీటు.

"సీటు వదలడం కూడా గివ్ అప్పేనా? ఉల్టా?"

"కీప్. వదలకుండా ఉంచుకోవడం."

"అది నాకొచ్చు. వైజాగ్ బండిలో కిటికీ లోంచి తువ్వాలు ఏసి ముగ్గురికి ఉంచాను, మీ నాన్న ఎక్కేలోపు. మిగతావి సెప్పు."

వాక్యాలు తయారుచేయమంటే ఆమెకు ఎక్కడా ఆగే పని ఉండేది కాదు. మై సన్ గివ్ అప్ పాలిటెక్నిక్. మై సన్ గివ్ అప్ జిమ్. మై సన్ గివ్ అప్ తబలా. సరుకు ఇంట్లోనే దొరికేది.

"అమ్మా, జరిగిపోయినవి కదా. గేవ్ అప్ అనాలి."

"ఎక్కడ జరిగిపోయింది? ఇంకా అవుతానే ఉన్నాది కదా."

నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. నిజంగానే సందేహం అడిగింది.

అయినా ఆ రోజులు నాకు బాగుండేవి, ఒప్పుకోవాలి. సాయంత్రం ఐదున్నరకు ఆమె డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కూలర్ ముందు నేల మీద కూర్చుని "ఊ, మాస్టారూ" అనేది. వెటకారంగానే. కానీ నేను కాలేజీ మానేసిన పదిహేడు నెలలుగా మా ఇంట్లో నన్ను ఎవరూ ఏ పేరుతోనూ అంత క్రమం తప్పకుండా పిలవలేదు. నేను మంచం మీద, ఆమె కింద. మోకాళ్లు నొప్పని ఒక కాలు చాపుకునేది. పైన కూర్చోమని నాకు తోచలేదు. పైనుంచి చెబితే పాఠం బాగా దిగుతుందనుకున్నానేమో.

ఐదో వారం చివర్లో ముప్ఫై మార్కులకు ఒక పరీక్ష పెట్టాను. తొమ్మిది వచ్చాయి. ఆ తొమ్మిదిలో నాలుగు గివ్ అప్‌వే. పాసవ్వాలంటే ముప్ఫైలో సగమన్నా రావాలి. అమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "బుర్ర తుప్పు పట్టీసిందిరా" అంది. తప్పు బుర్రదేనని ఆమె నిర్ధారణ. మాస్టారి మీద అనుమానం రాలేదు. అక్కడ నేను ఏదో ఒకటి అనాల్సింది. "పర్లేదు, క్యారీ ఆన్," అన్నాను. ఆ మాట సరిగ్గా వాడినందుకు నన్నే ఒక మార్కు వేసుకోమంది.

ఆ ఆదివారం ధర్సీవా ఆంటీ వచ్చింది. ఆమె అమ్మతోపాటు అదే షెడ్డులో పనిచేసేది. రోజూ ధర్సీవా నుంచి బస్సులో వస్తుంది కాబట్టి మా ఇంట్లో ఆమె పేరు అదే. ఆమె కూడా అదే పరీక్ష రాస్తోంది. అమ్మ వంటింట్లో గారెలు వేస్తుండగా ఆంటీ మా బీరువా ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా సుద్ద రాతలు.

"యే కా హే బేటా?" అంది ఛత్తీస్‌గఢీలో. ఇదేమిటని.

"ఇంగ్లీషు ఆంటీ. పరీక్షకు."

ఆమె సంచిలోంచి తన పుస్తకం తీసింది. హిందీ గైడు. వ్యతిరేక పదాలు, నానుడులు, ఉత్తరం రాయడం. "మేమందరం హిందీలోనే పెట్టాం," అంది హిందీలో. "షెడ్డు మొత్తంలో దీదీ ఒక్కతే ఇంగ్లీషు. ఆఫీసులో గుమాస్తా బాబు లిస్టు చూసి అడిగాడు కూడా, ఈమె ఎవరు, కలెక్టర్ అవుతుందా అని. నేనన్నాను, వాళ్ల అబ్బాయి బాగా చదువుకున్నాడు అని."

నేను ఆమె గైడు తిరగేస్తున్నట్టు తల దించుకున్నాను. తర్వాత, ఎవరి గురించో అడుగుతున్నట్టు అడిగాను. "టిక్కు పెట్టాక మార్చుకోవచ్చా ఆంటీ?"

"హో జాథే, అయిపోతుంది. ఒక్క అర్జీ చాలు. ఫైనల్ లిస్టు గోడకు అంటించేదాకే. శనివారం అంటిస్తారట." ఆమె నా ముఖం చూసి, "ఎందుకు?" అంది.

"ఊరికే," అన్నాను. అప్పుడే అమ్మ గారెల పళ్లెంతో వచ్చింది. నేను నాలుగు తిన్నాను. అంత బాధలోనూ నాలుగు తిన్నానంటే బాధ ఎంతో లెక్కవేసుకోవచ్చు.

ఆ మర్నాడు ఒక పని చేశాను. అమ్మ చపాతీలు చేస్తుంటే, ఊసుపోక అడుగుతున్నట్టు ఆంటీ గైడులో గుర్తున్న మాటలు ఒక్కొక్కటే వేశాను. ఉత్థాన్‌కు ఉల్టా? చపాతీ తిప్పుతూ "పతన్" అంది. కృతజ్ఞకు? "కృతఘ్న." స్థావర్? "జంగమ్. ఏటిరా, పిండి కొద్దిగా అందుకో." నానుడులు అడిగితే అర్థంతో పాటు అది షెడ్డులో ఎవరికి సరిపోతుందో కూడా చెప్పింది. ఇరవై అడిగాను. ఇరవై చెప్పింది, పన్నెండు చపాతీలు కాల్చేలోపు. ఒక్క చపాతీ కూడా మాడలేదు.

"నువ్వు ఇవన్నీ ఎప్పుడు చదివావు?"

"సదవడమేటి. నేను పుట్టినకాడి నుంచి ఇక్కడే కదా ఉంట."

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. సోమవారం చెప్పలేదు, ఆమె అలసిపోయి ఉందని. మంగళవారం చెప్పలేదు, ఆమె హుషారుగా ఉందని. బుధవారం పాఠం మధ్యలో నోరు తెరిచాను. ఆమె అప్పుడే హోల్డ్ అవుట్‌కు ఫిట్ రాసుకుని, చేతికంటిన సుద్ద చీరకు తుడుచుకుంటూ చిన్నపిల్లలా నావైపు చూసింది. నోరు మూసుకున్నాను. గురువారం నాకు జ్వరమొస్తే బాగుండుననుకున్నాను. రాలేదు. నా శరీరం ఏ పనీ సమయానికి చేయదు.

శుక్రవారం ఆమె కూలర్లో నీళ్లు పోస్తోంది. నేను ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. జీవితంలో కొన్ని నిర్ణయాలు, మనిషిలోని బలహీనత, క్షమ. దానికి రెండు చోట్ల ఆగాల్సిన విరామాలు కూడా అనుకున్నాను. వెళ్లి ఎదురుగా నిలబడి, "అమ్మా, పరీక్ష హిందీలో రాయొచ్చు. ఫారంలో ఇంగ్లీషు టిక్కు నేను పెట్టాను," అన్నాను. మిగతా ఉపన్యాసం ఎక్కడికెళ్లిందో తెలియదు.

బకెట్టు వంచిన చెయ్యి అలాగే ఉంది. నీళ్లు కూలర్ నిండి పైనుంచి కారుతున్నాయి.

"రెండూ ఉన్నాయా ఫారంలో?"

"ఉన్నాయి."

"నీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు."

"పొరపాటున పెట్టావా?"

ఆమె నాకు ఒక దారి చూపిస్తోందని తెలుస్తూనే ఉంది. ఔనంటే అయిపోతుంది. "కాదు," అన్నాను. "నీకు పాఠం చెప్పొచ్చని పెట్టాను. నాకేదో పని ఉంటుందని."

ఆమె బకెట్టు కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకు సులువు, అరుపులకు నా దగ్గర జోకులుంటాయి. అరవలేదు.

"మీ నాన్న పోయినాక," అంది, "ఆఫీసులో ఇన్ని కాగితాలిచ్చి ఇక్కడ ఇక్కడ ఇక్కడ అన్నారు. పెట్టీసాను. మంచి కాగితాలే, ఉద్యోగం కాగితాలే. కానీ ఇంటికొచ్చినాక నాకు బయమేసింది, దేని మీద పెట్టానో నాకే తెలవదు కదా అని. ఆ దినం అనుకున్నాను, సదవకుండా ఇంకెక్కడా సంతకం పెట్టనని. పదేళ్లు పెట్టనేదు. పాల కార్డు కూడా సదివే పెట్టాను." ఆగింది. "నీ దగ్గరొక్కటి పెట్టాను."

నేను వంగి బకెట్టును పక్కకు జరిపాను.

"తొమ్మిదొచ్చాయి నాకు," అంది. "నా బుర్రే పాడనుకున్నాను కదరా."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. నేను కూలర్ చుట్టూ కారిన నీళ్లు తుడిచాను. గుడ్డ పిండి మళ్లీ తుడిచాను. పొడి నేలను కూడా తుడిచాను. కాసేపటికి లోపలినుంచి గొంతు వచ్చింది. "మార్సడానికి ఇంకా రోజులున్నాయా, నేకపోతే అదీ అయిపోయాకే సెప్పావా?"

"రేపే ఆఖరు."

"ఎప్పట్నించి తెలుసు?"

"ఆదివారం నుంచి."

అప్పుడు మాత్రం అరిచింది. నాకు కొంచెం ఊపిరాడింది.

శనివారం ఉదయం ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. నన్ను రమ్మనలేదు, నేనే వెనకాల నడిచాను. అర్జీ నేను రాసిస్తానని దారిలో అన్నాను. వరండాలో కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాసుకుంది, హిందీలో, నాలుగు వరుసలు. చివర కింద తెలుగు సంతకం. పెట్టేముందు ఆ నాలుగు వరుసలూ మొదటినుంచి చదువుకుంది, తను రాసినవే అయినా.

ఆఫీసులో గుమాస్తాను అందరూ బాబూ అనే అంటారు. ఆ బాబు ఫైనల్ లిస్టు కాగితం బల్ల మీద పెట్టుకుని, పక్కన జిగురు సీసా మూత అప్పుడే తీస్తున్నాడు. అర్జీ చదివి కళ్లద్దాల మీదుగా అమ్మను చూశాడు.

"కారణం రాయలేదు," అన్నాడు హిందీలో. "ఇంగ్లీషుతో ఇబ్బంది ఏమిటి?"

"ఇంగ్లీషుతో ఏ ఇబ్బందీ లేదు సార్," అంది అమ్మ, మంచి హిందీలో. "మాస్టారితో ఇబ్బంది."

బాబు నావైపు చూశాడు. "ఈయనేనా?"

"ఈయనే."

ఆయన అమ్మ పేరు పక్కన ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాశాడు. చేసిన పని ఒక నిమిషం. నేను ఐదు వారాల ఐదు రోజులు చేసినదాన్ని ఆయన జిగురు ఆరకముందే సరిచేశాడు. బయటికొచ్చాక అమ్మ ముందు నడిచింది, నేను వెనక. కాలనీ గేటు దగ్గర అటుకుల పోహా బండి చూసి, ఒక్క ప్లేటు చెప్పింది. ఒక్కటే. నేను పక్కన నిలబడి పచ్చిమిర్చి వాసన చూశాను.

ఆ తర్వాతి మూడు వారాలు ధర్సీవా ఆంటీ డ్యూటీ అయ్యాక గంటసేపు మా ఇంట్లోనే ఉండిపోయేది. ఇద్దరూ ఒకరినొకరు అడుక్కునేవాళ్లు. పాఠం మంచం మీద నడిచేది. టీ పెట్టడం, కూలర్ నింపడం నా పని. "తుమ్హారా సర్ చాయ్ అచ్ఛీ బనాతా హై," అనేది ఆంటీ, మీ మాస్టారు టీ బాగా పెడతాడని. అమ్మ దానికి "అది ఇంకా మానీనేదు కాబట్టి" అని నాకు వినపడేలా తెలుగులో అనేది. బీరువా మీది ఇంగ్లీషు ఒకరోజు తడిగుడ్డతో నేనే తుడిచాను. ఎవరూ చెప్పలేదు. నా గురించి ఆమె రాసిన వాక్యాలు కూడా అందులోనే పోయాయి. పాలిటెక్నిక్ దగ్గర గుడ్డ కాసేపు ఆగింది. నేనేదో గొప్ప నిర్ణయం తీసుకున్నానని అనుకోకండి, అక్కడ సుద్ద గట్టిగా పట్టుకుంది అంతే. కాలేజీకి నేను తిరిగి వెళ్లింది ఆ మరుసటి ఏడాది. అది కూడా ఫారం ఇంటికి తెచ్చి ఆమె ముందు పెట్టి, ఆమె అన్ని గడులూ పైకి చదివాకే.

పరీక్ష రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు. నన్ను రావద్దంది. వెళ్లలేదు. వచ్చాక ఎలా రాశావంటే "పెన్నుతో" అంది. అది నేను నా పరీక్షలప్పుడు ఆమెకు చెప్పిన జవాబే, కాబట్టి పడ్డాను.

నెలన్నర తర్వాత ఫలితం వచ్చింది. ఆంటీ పేరు పైనుంచి మూడోది, అమ్మది ఏడోది. మొత్తం తొమ్మిదిమందిని తీసుకున్నారు. ఆంటీ ఏడ్చింది, అమ్మను పట్టుకుని ఊపింది, నన్ను కూడా పట్టుకుని ఊపింది. అమ్మ లిస్టు దగ్గర నిలబడి ఏడో పేరు ఎదురుగా ఉన్న ఉద్యోగి నంబరు తన కార్డులోని నంబరుతో అంకె అంకె సరిచూసుకుంది. తర్వాత తొమ్మిది పేర్లూ చదివింది.

ఆర్డరు తీసుకోవడానికి మళ్లీ ఆ బాబు గదికే పిలిచారు. ఈసారి "రా" అంది నాతో. బాబు మూడు పేజీల కాగితం బల్ల మీద పెట్టి, చివరి పేజీ తిప్పి, వేలు పెట్టాడు. "ఇక్కడ సంతకం."

అమ్మ ఆ పేజీ వెనక్కి తిప్పి మొదటి పేజీ మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. పెదాలు కదుపుతూ, ఒక్కో మాట కింద గోరు జరుపుతూ చదువుతోంది. వెనక ఇంకా ఇద్దరు నిలబడి ఉన్నారు. బాబు గడియారం చూశాడు.

"దీదీ, అందరికీ ఇదే ఆర్డరు. పేరొక్కటే మారుతుంది."

"అయితే పేరైనా చూసుకోవాలి కదా సార్," అంది హిందీలో, తల ఎత్తకుండా.

రెండో పేజీ మధ్యలో గోరు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. నేను తొంగి చూశాను. ప్రొబేషన్ అన్న మాట, అది నాకు వచ్చు. చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆమె అడగలేదు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి, నాకు తెలిసిన ఒక జవాబును బయటికి రానివ్వకుండా ఆపుకున్నాను.

"ఇదేటి?" అంది అమ్మ, గోరు తీయకుండా.

చెప్పాను. నిజంగా ఏం రాసి ఉందో అదే చెప్పాను. ఆరు నెలల్లో పని సరిగా చేయకపోతే మళ్లీ షెడ్డుకు పంపుతారని. ఆమె బాబు వైపు తిరిగి, "ఇక్కడ అలాగే రాసి ఉందా సార్?" అని హిందీలో అడిగింది. ఆయన వంగి చూసి, అలాగే ఉంది అన్నాడు.

అమ్మ తల ఊపి, మూడో పేజీ తిప్పి, అది కూడా పూర్తిగా చదివి, నావైపు చెయ్యి చాపింది.

"పెన్ను."

నా దగ్గర పెన్ను లేదు. అన్ని జేబులూ వెతికాను. బాబే తనది ఇచ్చాడు.